నలభై ఏడో ప్రశ్న

పెద్దపల్లి స్టేషన్‌లో సిమెంటు బెంచీ చివర కూర్చుని జగన్మోహన్‌రావు సగం బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నాడు. పొట్టు నేల మీద పడకుండా మోకాళ్ల మీద పాత పేపరు ముక్క పరుచుకున్నాడు. రెండు పెన్సిళ్లు అప్పటికే చొక్కా జేబులో ఉన్నాయి, ఇది మూడోది. మొన సన్నగా వచ్చేదాకా చెక్కి, బొటనవేలి మీద ఆనించి చూసుకుని, పొట్టును కాగితంలో మడిచి చెత్తడబ్బాలో వేసి వచ్చాడు.

ఇళ్లకు పోయి ప్రశ్నలు అడిగి రాసుకునే ఈ పనికి ఆయన కలం వాడడు. మొదటి ఏడాది వాడాడు. కలం మూత తీయగానే ఎదుటి మనిషి గొంతు మారిపోయేది. సంతకం ఎక్కడ పెట్టమంటారోనని వాళ్లు బిగుసుకుపోయేవాళ్లు. మందమర్రిలో ఒక ముసలామె మాత్రం ఆయన చేతిలో పెన్సిల్ చూసి, "గా రాత తుడిస్తే పోతది గద సారూ" అని అడిగింది. పోతుందని చెప్పాక మూడు గంటలు ఆగకుండా మాట్లాడింది. అప్పటి నుంచి పెన్సిలే.

ఆయనకు నలభై తొమ్మిదేళ్లు. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా పౌరశాస్త్రం చెప్తున్నాడు. పొడుగు మనిషి, కొంచెం వంగి నడుస్తాడు. ఎప్పుడూ ఒకే భుజానికి సంచీ తగిలించుకోవడం వల్ల కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉంటుంది. జుట్టు ముందు భాగం పలచబడింది. కళ్లజోడు ఒక కాడకు నల్లదారం చుట్టి ఉంది. బజారులో పాత విద్యార్థులు ఎదురైతే నమస్తే పెడతారు గానీ పేరు గుర్తురాక "సివిక్స్ సార్" అంటారు. ఆయన తలూపి ముందుకు పోతాడు. మంథనిలో తమ్ముళ్లు పొలాలు చూసుకుంటున్నారు. పండక్కి వాళ్ల ఇంటికి పోతే పిల్లలు పెద్దనాన్న ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆయన కోప్పడతాడని కాదు, ఆయనతో ఏం మాట్లాడాలో వాళ్లకు తెలియదు.

ఏడేళ్ల కింద, అంటే ఎనభై నాలుగులో, వరంగల్ యూనివర్సిటీలో పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నాడు. ఇక బాగుకాదని ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేసిన మనిషిని ఇంట్లోవాళ్లు ఎట్లా చూసుకుంటారు, ఆ చూసుకునేవాళ్లను ఎవరు చూసుకుంటారు అన్నది విషయం. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అరవై కుటుంబాలు. ఒక్కో కుటుంబం దగ్గరికి మూడుసార్లు పోవాలి. పోయినప్పుడల్లా ఎనభై నాలుగు ప్రశ్నలు. రోగిని విడిగా అడగాలి, చూసుకునే మనిషిని విడిగా అడగాలి. ఒకరు చెప్పింది రెండోవాళ్లకు తెలియకూడదు. సలహా ఇవ్వకూడదు. "మీరు పోతున్నది చూడ్డానికి, చక్కదిద్దడానికి కాదు" అని ప్రొఫెసర్ మొదటి రోజే చెప్పాడు. ఈ విషయమే ఎందుకు తీసుకున్నారని కూడా ఆ రోజే అడిగాడు. "దీని మీద పని తక్కువ జరిగింది సార్" అన్నాడు జగన్మోహన్‌రావు. అది అబద్ధం కాదు.

ప్యాసింజర్ వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. సెప్టెంబరు నెల రెండో శనివారం, కాలేజీకి సెలవు. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద చక్రాల చప్పుడు మారింది. కింద నీళ్లు ఎర్రగా, రెండు ఒడ్లూ ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆయన సంచీలోంచి అట్ట తీసి, దాని మీద ఈ రోజు కాగితాలు బిగించుకున్నాడు. పైన 'కుటుంబం సంఖ్య 43. మూడో సందర్శన' అని రాసి ఉంది.

నలభై మూడో కుటుంబం బెల్లంపల్లిలో అంతయ్యది. అంతయ్య ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పని చేశాడు. భూమి లోపల కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఏడాది కింద అన్నం మింగుడుపడలేదు. హైదరాబాదు తీసుకుపోతే అన్నవాహికలో కేన్సర్ అన్నారు. నెల రోజులు రేడియేషన్ కరెంటు పెట్టించి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, ఇక ఇంట్లోనే ఉంచుకొమ్మని పంపేశారు. అది జరిగి నాలుగు నెలలు. ఉద్యోగం కొడుకు కొండల్‌కు వచ్చింది. చూసుకునేది భార్య బాలవ్వ.

ప్రశ్నలు రాసుకున్న కాగితాల్లో మొదట్లో 'ఉపశమనం' అనే మాట పదకొండుచోట్ల ఉండేది. మొదటిసారి వచ్చినప్పుడు బాలవ్వ ఆ మాట దగ్గర ఆగిపోయింది.

"గంటే ఏంది సారూ?"

"జబ్బు పోకున్నా, జర తక్లీఫ్ లేకుంట ఉండుడు" అన్నాడు ఆయన.

"నిమ్మళమా?"

ఆయన కొంచెంసేపు ఆ మాటను నోట్లోనే అనుకుని చూశాడు. "ఆ, నిమ్మళమే" అన్నాడు. ఇంటికి వచ్చి అన్ని కాగితాల్లో ఆ పదకొండుచోట్లా కొట్టేసి 'నిమ్మళం' అని రాసుకున్నాడు. ఏడేళ్లలో తాను చేసిన పనుల్లో అదొక్కటి కచ్చితంగా సరైనదని ఆయన నమ్మకం.

*

బెల్లంపల్లిలో దిగేసరికి పది దాటింది. బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఊరు. కార్మికుల క్వార్టర్ల వరసల్లో కొన్ని ఇళ్లకు తలుపులు కూడా లేవు. మనుషులున్న ఇళ్ల ముందు బొగ్గుల పొయ్యిలు ఇంకా పొగ వదులుతున్నాయి. ఎనిమిదో వరస చివరి క్వార్టర్ ముందు బాలవ్వ గుడ్డతో జావ వడగడుతోంది. పొట్టి మనిషి. కొంగు నడుముకు చుట్టి, జుట్టు ముడి గట్టిగా వేసుకుంది. అరచేతులు పగుళ్లుబారి ఉన్నాయి. గుడ్డను నాలుగు మూలలు కలిపి మెలిపెడుతుంటే ముంజేతుల్లో నరాలు తేలుతున్నాయి. ఒక్క పలుకు మిగిలినా గొట్టంలో ఇరుక్కుంటుంది. అది ఒకసారి జరిగింది. అప్పటి నుంచి రెండుసార్లు వడగడుతుంది.

"రాండ్రి సారూ, కూసోన్రి. గాయినకు తాపిచ్చి వస్త" అంది.

లోపలి గదిలో నులకమంచం మీద అంతయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. ఒకప్పుడు వెడల్పైన ఛాతీ మనిషి. ఇప్పుడు దుప్పటి కింద భుజపుటెముకలు రెండు మడిచిన గొడుగుల్లా ఉన్నాయి. గడ్డం నున్నగా గీసి ఉంది. ప్రతి ఆదివారం కొండల్ గీస్తాడు. గదిలో వేపపొగ వాసన, డెట్టాల్ వాసన. వాటి కింద ఇంకో వాసన ఉంది, కానీ బాలవ్వ దాన్ని గడప దాటనివ్వలేదు.

ఆమె పెద్ద సిరంజిలో జావ పోసి, చెయ్యి కొంచెం ఎత్తి పట్టుకుని, నెమ్మదిగా దిగనిచ్చింది. దిగుతున్నంతసేపూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. పక్కింటి మేక ఈనిందట. నల్లా నీళ్లు పొద్దున అరగంట ముందే వచ్చాయట. అంతయ్య కళ్లతో వింటున్నాడు. ఆమె నవ్వినప్పుడు ఆయన కళ్ల చివర ముడతలు పడుతున్నాయి.

తర్వాత ఆయన్ను రెండోవైపు తిప్పాలి. వీపు మీద పుండు పడింది. కొండల్ మొదటి షిఫ్టుకు పోయాడు. బాలవ్వ ఒక్కతే దుప్పటి అంచు పట్టుకుని చూస్తుంటే జగన్మోహన్‌రావు అట్ట పక్కన పెట్టి లేచాడు. దుప్పటిని నాలుగు మడతలుగా నడుము కిందికి జరిపి, తన మోకాలు మంచంపట్టెకు ఆనించి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి తుంటి కింద పెట్టి, ఒక్కసారిగా కాకుండా మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు. మోకాళ్ల మధ్య మడిచిన గుడ్డ పెట్టాడు. అంతయ్య మూలగలేదు.

బాలవ్వ ఆయన చేతులవైపు చూసింది. "సారుకు అలవాటున్నట్టుంది" అంది.

"ఉన్నది" అని అట్ట మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

*

బాలవ్వతో మాటలు పెరట్లో, నీళ్ల డ్రమ్ము పక్కన. ఆమె తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. ఆయన గడప మీద. ఎన్ని గంటలు నిద్రపోతున్నావు, చివరిసారి బయటికి ఎప్పుడు పోయావు, నీకు జ్వరమొస్తే ఎవరు చేస్తారు. మూడోసారి కావడంతో ఆమెకు ప్రశ్నల వరస కూడా అలవాటైంది.

"మొన్న అంగడికి పోయిన సారూ. సగం తొవ్వ పోయి మళ్ల వచ్చిన. ఏమైతదో అని భయమైంది. వచ్చి చూస్తే మంచిగనే పండుకున్నడు."

నలభై ఆరో ప్రశ్న దగ్గరికి వచ్చాడు. జబ్బు సంగతి ఆయనకు తెలుసా?

"తెల్వది. పుండని చెప్పిన. దసరాలోపు గొట్టం తీస్తరని చెప్పిన." ఆమె డ్రమ్ము మూతను సరిచేసింది. "గట్లనే ఉండనీ."

నలభై ఏడు. పోయిన రెండుసార్లూ ఆమె దాటేసిన ప్రశ్న. ఎక్కడికైనా పోవాలని గానీ, ఎవరినైనా చూడాలని గానీ ఆయనకు ఉందా?

గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్నారు.

"అడగలే సారూ. కని నాకు తెల్సు. స్వరూపను చూడాలని ఉంటది."

స్వరూప వాళ్ల కూతురు. కాగజ్‌నగర్‌లో ఉంటుంది. భర్త అక్కడ మిల్లులో పని. ప్యాసింజర్‌లో గంటన్నర దూరం. మూడు నెలల కింద ఆడపిల్ల పుట్టింది. బాపుకు గొంతునొప్పి అని మాత్రమే ఆమెకు తెలుసు.

"పచ్చి బాలింతను ఉత్తగనే ఎందుకు పిలుస్తరు? పిలిస్తే గాయినకు సమజైతది, ఇగ నా పని అయిపోయిందని. ధైర్నం పోతది. గందుకే పిలుస్తలేను." ముక్కు చీది, కొంగుతో తుడుచుకుంది. "తర్వాత బిడ్డ నన్ను తిడ్తది. తిట్టనీ."

ఆయన పెన్సిల్‌తో రాసుకున్నాడు.

అంతయ్య వంతు వచ్చేసరికి పన్నెండైంది. బాలవ్వ నల్లా దగ్గరికి పోయింది. అంతయ్య గొంతు గీరుకుపోయి ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవాలి. జగన్మోహన్‌రావు స్టూలు మంచం తలవైపు జరుపుకుని వంగి కూర్చున్నాడు. ఎప్పుడు నొప్పి ఎక్కువ, ఎప్పుడు నిమ్మళం అని అడిగాడు. పొద్దున బాలవ్వ వీపు తుడిచినప్పుడు నిమ్మళం అన్నాడు అంతయ్య.

నలభై ఆరు, నలభై ఏడో ప్రశ్నలు ఆయన్ను పోయిన రెండుసార్లూ అడగలేదు. రోగికి తెలియదని ఇంటివాళ్లు చెప్పినచోట, మూడో సందర్శన దాకా ఆగాలని నియమం. అప్పుడు కూడా నలభై ఆరోది నేరుగా అడగకూడదు.

"నీ జబ్బు గురించి నువ్వేం అనుకుంటున్నవ్ అంతయ్యా?"

అంతయ్య తలుపువైపు చూశాడు. మళ్లీ ఈయనవైపు చూశాడు.

"కేన్సర్. నాకు తెల్సు సార్." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "గిది నాకు తెల్వదనుకుంటది. చెప్పకున్రి."

పెన్సిల్ కాగితం మీద ఆగింది. ఆయన నలభై ఏడో ప్రశ్న చదివాడు.

"స్వరూప" అన్నాడు అంతయ్య వెంటనే. "పిల్ల పుట్టినంక చూడలే."

"పిలిపించుకోరాదు?" అనేశాడు జగన్మోహన్‌రావు. అది ప్రశ్నల్లో లేదు.

అంతయ్య తల అడ్డంగా ఊపాడు. గొట్టం కదిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిలువుమంటే నాకు తెల్సని గిదానికి సమజైతది. ఇగ ఎట్ల నవ్వుతది నా ముందర? పొద్దుగాల లేస్తది, మొఖం కడుక్కుంటది, నాకోసం నవ్వుకుంట లోపలికొస్తది. గా నవ్వు ఉండనీ సార్. మీరు రాస్కోన్రి, కని చెప్పకున్రి."

ఆయన రాసుకున్నాడు. మిగిలిన ముప్పై ఏడు ప్రశ్నలు కూడా అడిగాడు. కాగితాలు సంచీలో పెట్టి, బాలవ్వ ఇచ్చిన చాయ్ తాగి, పోయొస్తానని చెప్పి బయటపడ్డాడు.

*

పెద్దపల్లివైపు బండి రెండున్నరకు. ఆయన టికెట్ తీసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఒకే కాగితం మీద రెండు జవాబులూ ఉన్నాయి. రెండింటికీ మధ్య అర అంగుళం ఖాళీ.

జానకీబాయి పోయి ఎనిమిదేళ్లయింది. ఆయన భార్య. కడుపులో కేన్సర్ అని డాక్టరు ఆయనకు చెప్పాడు. ఆయన ఆమెకు అల్సర్ అని చెప్పాడు. ఎనిమిది నెలలు అదే చెప్పాడు. కాలేజీ నుంచి వచ్చి, స్నానం చేయించి, పక్క మార్చి, పేపరు చదివి వినిపించేవాడు. చదువుతూ మధ్యలో నవ్వు వచ్చే వార్తలు ఏరి చదివేవాడు. ఆమె నవ్వేది. ఆమెకేం తెలియకుండా కాపాడుతున్నానని ఆయన కొంచెం గర్వపడ్డాడు కూడా. పిల్లలు లేని ఇల్లు. అబద్ధానికి వేరే సాక్షులు లేరు.

పదో రోజు కర్మ అయిపోయాక పక్క వాటాలో ఉండే సుల్తాన్ బీ వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, దుపట్టా కొస వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"సారూ, ఒక మాట నా దిల్‌ల ఉన్నది. మీ ఇంటామెకు అంతా మాలూమే ఉండె. సార్ పరేషాన్ అయితడు, చెప్పకు అని నాతోని ఒట్టు వేయించుకున్నది."

సుల్తాన్ బీ పోబోయి ఆగింది.

"ఒక్కపారి మంథని పోయి గోదారిల కాళ్లు పెట్టుకొని కూసోవాలని ఉండె ఆమెకు. అడిగితే మీకు తెలిసిపోతదని అడగలే."

కరీంనగర్ నుంచి మంథనికి బస్సులో రెండున్నర గంటలు. ఆ ఎనిమిది నెలల్లో మొదటి నాలుగు నెలలు జానకీబాయి బాగానే నడిచింది. తీసుకుపోగలిగేవాడు. ఏ ఆదివారమైనా తీసుకుపోగలిగేవాడు.

ఆ మరుసటి ఏడాది వరంగల్ పోయాడు. ఎనభై నాలుగు ప్రశ్నల్లో చాలావాటిని లైబ్రరీ పుస్తకాలు చూసి తయారుచేసుకున్నాడు. నలభై ఏడోది మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు.

బండి వస్తున్నట్టు గంట కొట్టారు. జనం లేచి మూటలు సర్దుకున్నారు. ఆయన కూడా లేచాడు. ఇంజను ప్లాట్‌ఫారం మీదికి వచ్చి, పెట్టెలు ఒక్కొక్కటే ముందునుంచి పోయి ఆగాయి. ఎదురుగా తలుపు తెరిచే ఉంది. లోపల చోటు కూడా ఉంది. ఆయన కడ్డీ పట్టుకుని కాలు పైకి పెట్టబోయి, వెనక ఉన్న మనిషికి దారి వదిలి పక్కకు జరిగాడు. ఆ మనిషి ఎక్కాడు. ఆ తర్వాత ఇంకొకామె. బండి కదిలి వెళ్లిపోయింది. ఆయన టికెట్‌ను జేబులో పెట్టుకుని స్టేషన్ బయటికి నడిచాడు.

*

"ఏం మరిచిన్రు సారూ?" అంది బాలవ్వ. ఆమె గిన్నెలు తోముతోంది.

"ఒక ప్రశ్న మిగిలింది బాలవ్వా. నువ్వు గూడ లోపలికి రా."

"ఇద్దర్నీ ఒక్కకాడ అడగరు గద మీరు?"

"ఈసారి అడుగుత."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మంచం కాళ్లవైపు నిలబడింది. అంతయ్య మెలకువగానే ఉన్నాడు. తిరిగి వచ్చిన మనిషిని చూసి ఆయన ముఖంలో కొంచెం భయం కనిపించింది. జగన్మోహన్‌రావు స్టూలు మీద కూర్చుని అట్ట తీశాడు. ఎవరి జవాబూ బయటపెట్టనని ఇద్దరికీ మాట ఇచ్చాడు. ప్రశ్న అడగనని మాత్రం ఎవరికీ మాట ఇవ్వలేదు.

"అంతయ్యా, ఎక్కడికైనా పోవాలని గానీ, ఎవరినైనా చూడాలని గానీ నీకు ఉన్నదా?"

అంతయ్య ఈయన్ను చూడలేదు. మంచం కాళ్లవైపు నిలబడ్డ మనిషిని చూశాడు. బాలవ్వ ముఖం మీద పొద్దుటి నవ్వు సగం దాకా వచ్చి నిలిచింది. బయట మేకపిల్ల అరుస్తోంది.

"స్వరూప రావాలె" అన్నాడు అంతయ్య. "పిల్లను తీస్కొని రావాలె. జల్ది రావాలె."

జల్ది అన్న ఆ మాట తర్వాత బాలవ్వ మంచంపట్టె మీద మెల్లగా కూర్చుంది. చెయ్యి దుప్పటి మీద పెట్టింది, ఆయన పాదం ఉన్నచోట.

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"హైద్రాబాదుల్నే. డాక్టరు నిన్ను బయటికి పిలిచిండు గద. మంచి మాటైతే నా ముందట్నే చెప్తుండె."

"నాలుగు నెల్లు చెప్పలే నువ్వు."

"నువ్వు చెప్పినవా?"

ఆమె తల వంచుకుంది. "నేను పెరట్లకు పోయి ఏడ్సిన. నీకు ఇనబడొద్దని నల్లా ఇడిసి ఏడ్సిన."

"ఇనబడ్డది" అన్నాడు అంతయ్య. "నీళ్లు లేనప్పుడు గూడ నల్లా ఇడుస్తుంటివి."

బాలవ్వకు నవ్వు వచ్చింది. పొద్దున సిరంజి పట్టుకుని నవ్విన నవ్వు కాదు. ముక్కు కారుతూ, నోరు వంకరపోయి, పళ్లన్నీ కనబడుతూ వచ్చింది. అట్లాగే ఏడుపులోకి పోయింది. అంతయ్య చెయ్యి దుప్పటి కిందనుంచి బయటికి వచ్చి ఆమె వీపు మీదికి చేరడానికి ప్రయత్నించింది. అందలేదు. ఆమే జరిగి దగ్గరికి వచ్చింది.

జగన్మోహన్‌రావు ఎప్పుడు లేచి బయటికి వచ్చాడో వాళ్లిద్దరూ గమనించలేదు. ముందు అరుగు మీద కూర్చున్నాడు. తాను చేసింది మంచో చెడో ఆయనకు ఇంకా తెలియదు. ధైర్యం పోతుందని బాలవ్వ అంది. రేపు ఆ మనిషి గోడవైపు తిరిగి జావ వద్దంటే ఆ బాధ్యత ఎవరిది? లోపల్నుంచి మాటలు మెల్లగా వినిపిస్తున్నాయి, ఒకరి తర్వాత ఒకరివి. ఏం మాట్లాడుకుంటున్నారో వినకుండా ఉండేందుకు ఆయన లేచి వరస చివరిదాకా నడిచాడు. మళ్లీ వచ్చాడు.

మూడున్నరకు కొండల్ సైకిల్ మీద వచ్చాడు. ఇరవై ఐదేళ్లవాడు. స్నానం చేసి వచ్చినా కళ్ల అంచులకు బొగ్గుపొడి కాటుకలా మిగిలింది. బాలవ్వ గడపలోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"బట్టలు మార్చుకోకు బిడ్డా. గట్లనే పోయి చెల్లెను తోల్కరా. బాపు రమ్మన్నడని చెప్పు."

"బాపు అన్నడా?" అన్నాడు కొండల్. తల్లి వెనక గదిలోకి చూశాడు. లోపలికి పోయి, రెండు నిమిషాల్లో బయటికి వచ్చి, సైకిల్‌ను గోడకు ఆనించాడు.

ఇద్దరూ కలిసి స్టేషన్‌కు నడిచారు. సగం దారిలో కొండల్ అడిగాడు.

"బాపుకు ముందుగాలనే తెల్సట గద సార్."

"తెల్సట."

"ప్రతి ఐతారం గడ్డం గీసుకుంట, దసరాకు వేములవాడ పోదాం బాపు అని చెప్పేటోన్ని. ఆ, పోదాం బిడ్డా అనేటోడు ఆయన. ఇంట్ల ముగ్గురికి తెల్సి గూడ తెల్వనట్టు బతికినం."

కాగజ్‌నగర్ వైపు బండి ముందు వచ్చింది. కొండల్ ఎక్కి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకో అరగంటకు పెద్దపల్లి వైపు బండి వచ్చింది.

కిటికీలోంచి వెలుతురు ఇంకా ఉండగానే జగన్మోహన్‌రావు కాగితాలు బయటికి తీశాడు. ఇద్దర్నీ కలిపి అడిగిన కుటుంబాన్ని లెక్కలోకి తీసుకోవడానికి వీల్లేదు. పెన్సిల్‌తో మొదటి పేజీ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత గీశాడు. 'మినహాయించడమైనది' అని రాసి తేదీ వేశాడు. మూడుసార్ల ప్రయాణం, మూడుసార్ల ప్రశ్నలు అందులో ఉన్నాయి.

ఆ సంగతి వరంగల్‌లో చెప్పినప్పుడు ప్రొఫెసర్ కళ్లజోడు తీసి చూశాడు. "ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చిన పద్ధతి. ఎందుకు కలిపి అడిగారు?"

"అడగాల్సి వచ్చింది సార్."

"అయితే తీసేయాల్సిందే."

"తీసేశాను సార్."

మూడేళ్ల తర్వాత ఆయనకు డిగ్రీ వచ్చింది. సిద్ధాంత గ్రంథం కాపీ ఒకటి యూనివర్సిటీ లైబ్రరీలో పై అరలో ఉంది. అందులో యాభై తొమ్మిది కుటుంబాల వివరాలు, పట్టికలు ఉన్నాయి. అంతయ్య గురించి ఉన్నది ఒక్క వాక్యం: 'పద్ధతిలో దోషం వల్ల ఒక కుటుంబాన్ని అధ్యయనం నుంచి తొలగించడమైనది.' ఆయన దాన్ని టైపిస్టు పక్కన కూర్చుని చెప్పి రాయించాడు.

*

ఆ శనివారం గడిచిన రెండు వారాలకు, కొండల్ రాసిన కార్డు కాలేజీ అడ్రసుకు వచ్చింది. నాలుగు లైన్లు. బాపు బుధవారం మధ్యాహ్నం పోయిండని, అవ్వ చెప్పుమన్నదని. స్టాఫ్‌రూములో అది చదువుకుని ఆయన తర్వాతి క్లాసుకు పోయాడు. పంచాయతీరాజ్ పాఠం. మధ్యలో రెండుసార్లు ఆగితే పిల్లలు ముఖాలు చూసుకున్నారు.

పదో రోజు అయిపోయాక, ఆదివారం, బెల్లంపల్లి పోయాడు. ఈసారి అట్టా కాగితాలూ తేలేదు. నులకమంచం బయట గోడకు నిలబెట్టి ఉంది. బాలవ్వ గడప దగ్గర కూర్చుంది. ఆయన్ను చూసి లేవబోతే వద్దని, ఎదురుగా కూర్చున్నాడు.

"పదకొండు రోజులున్నడు సారూ స్వరూప వచ్చినంక" అంది. "పిల్లను ఛాతీ మీద పండుకోబెట్టుకున్నడు. బరువైతది తియ్యరాదు అంటే ఇనలే. నాకు చాన చెప్పిండు. ఎవలెవల్ని పిలువాలె, ఎవలెవల్ని పిలువొద్దు, అన్ని చెప్పిండు. మేము గూడ మస్తు మాట్లాడుకున్నం. పెండ్లైనకాడికెళ్లి గన్ని మాటలు ఎన్నడు మాట్లాడుకోలే."

"ధైర్యం పోయిందా ఆయనకు?" అని అడిగాడు. ఇన్ని రోజులూ ఆయన్ను తిన్న ప్రశ్న అది.

బాలవ్వ ఆలోచించింది. "రెండు రోజులు ఏడ్సిండు. తర్వాత ఏడ్వలే" అంది. "బుధవారం నాడు నేను ఈడ జావ వడగడుతున్న. స్వరూప ఆయన పక్కకే ఉన్నది. 'అవ్వా, ఒకపారి రా' అన్నది. గంతే సారూ. గుడ్డ పిండుతున్న చేతులతోనే పోయిన."

నిన్ననే స్వరూపను భర్త వచ్చి తీసుకుపోయాడట. పిల్లకు జలుబు చేసిందట. బాలవ్వ చాయ్ పెట్టడానికి లేచింది. ఆయన వద్దనలేదు. ఆమెకు ఇప్పుడు చేతిలో పని ఉండాలని ఆయనకు తెలుసు.

లోపలి గది కడిగి ఉంది. మంచం ఉండిన మేర నేల మీద దాని నాలుగు కోళ్ల గుర్తులు కనిపిస్తున్నాయి. వేపపొగ వాసన పోయింది. కిటికీ కింద, చాప మీద, పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి సగం మడిచి ఉంది.

"స్వరూప మొదలువెట్టింది" అంది బాలవ్వ పొయ్యి దగ్గర్నుంచి. "బాపుకు వీపు ఒరుసుకపోతుంది, మెత్తగ ఉంటది అని. నా చీరలన్ని చింపింది. ఆయన పక్కన కూసొనే కుట్టేది. మిగిలింది నేను కుడ్త అన్న. ఇంక ముట్టలే."

మూడు వంతులు కుట్టు దగ్గరదగ్గరగా, వరసగా పోయింది. ఆకుపచ్చ చీరముక్క మధ్యలో ఆగిపోయింది. ఆగినచోట సూది గుచ్చి ఉంది, మూరెడు తెల్లదారం దానికి వేలాడుతూ ఉంది.